మధుపర్కానికి కత్తెర

షాంటిలీలో మా ఇంటి బేస్‌మెంట్‌లో పదకొండేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. పక్క తలుపుకి బోర్డు లేదు. ఎక్కడా ప్రకటన ఇచ్చుకోలేదు. అయినా చుట్టుపక్కల తెలుగువాళ్ళింట్లో పెళ్ళి కుదిరితే పురోహితుడికంటే ముందు నాకే ఫోన్ వస్తుంది. నా నోరు మంచిది కాదని అందరికీ తెలుసు. వీపు మీద అంత లోతు పెడితే భుజం జారుతుందని మొహం మీదే చెబుతాను, వినకపోతే గుడ్డ తిరిగి ఇచ్చేస్తాను. టేపు పట్టుకుని చుట్టూ తిరుగుతున్నప్పుడు ఆడవాళ్ళు ఊరుకోరు, ఇంట్లో సంగతులన్నీ చెబుతారు. ఆ మాటలు నేను ఆ గది దాటనివ్వను. అదంటే నాకు గొప్ప గర్వం ఉండేది.

ఆ సోమవారం మధ్యాహ్నం రెండు దాటాక మా వదిన కూతురు ఒక్కతే వచ్చింది. వదిన అంటే నాకు చుట్టమేమీ కాదు. ఈ దేశం వచ్చిన కొత్తలో అపార్ట్‌మెంట్‌లో మా పక్క పోర్షన్‌లో ఉండేవారు వాళ్ళు. వాళ్ళది ఒంగోలు, మాది తెనాలి దగ్గర. మొదటివారంలోనే ఆవిడ నన్ను వదినా అని పిలిచింది, నేనూ అలాగే పిలిచాను, పదిహేనేళ్ళుగా అదే చెల్లుతోంది. కూతురికి అప్పట్లో పన్నెండేళ్ళు, ఇప్పుడు ఇరవై ఏడు. ఏడాదికోసారి దీపావళికి వాళ్ళమ్మతో కలిసి కొలతలకి వచ్చేది. ఒక్కతే రావడం ఎప్పుడూ చూడలేదు.

"ఆంటీ, నాకు ఒక డ్రెస్ కావాలి. థర్స్‌డేకి. ప్లీజ్," అంది, కూర్చోకుండానే.

మాకు డ్రెస్ అంటే పంజాబీ డ్రెస్సే. "గుడ్డ తెచ్చావా? చున్నీ కూడా అందులోంచే తీయాలా?" అని అడిగాను.

"చున్నీ ఎందుకు?" అంటూ ఫోన్ తీసి చూపించింది. మోకాళ్ళ దాకా ఉన్న తెల్లటి గౌను, చేతులు లేవు, వెనక జిప్పు. "ఇది ఫ్రాకు కదే," అన్నాను. నాకు ఫ్రాకులు కుట్టడం రాదని కాదు. కానీ మూడు రోజుల్లో అంటే అరికాలి మంట నెత్తికెక్కింది. నా దగ్గర అప్పటికే ఏడు జాకెట్లు కోతకి ఉన్నాయి. ఆ మాటే అనబోతుంటే ఆ పిల్ల ఇండియన్ స్టోర్ ప్లాస్టిక్ సంచిలోంచి ఒక తెల్లచీర తీసి నా బల్ల మీద పరిచింది.

నూలు చీర. సన్నటి ఎర్రంచు. మడతల దగ్గర కొంచెం పచ్చబారింది. నాలుగు మూలలా పసుపు మరకలు, వాటిలో ఒక మూల మాత్రం ఎర్రగా ఉంది, ఇంకా తడిగా ఉంది.

"సోప్ పెట్టాను ఆంటీ. ఎల్లో స్టెయిన్స్ పోతాయి అనుకున్నా. రెడ్ అయిపోయింది. బ్లడ్ లాగా ఉంది," అంది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"పసుపు మీద సబ్బు పడితే ఎర్రబడుతుంది. మంచినీళ్ళలో నాలుగుసార్లు జాడిస్తే మళ్ళీ పసుపుకే వస్తుంది, దానికి ఏడుపెందుకు?" అని కసిరాను.

అలా అన్నాక నా మాట నాకే వినిపించింది. తెల్లచీర నాలుగు మూలలా పసుపు ఎవరు పెడతారు, ఎందుకు పెడతారు? అంచు వేళ్ళతో పట్టుకుని చూశాను.

"ఇది ఎక్కడిదే?"

"అమ్మ సూట్‌కేస్‌లో బాటమ్‌లో ఉంది. ప్లాస్టిక్ కవర్‌లో. అమ్మ ఎప్పుడూ కట్టుకోలేదు ఆంటీ, నేను చూడలేదు. మిస్ కూడా అవ్వదు. ఇది కట్ చేసి డ్రెస్ చేయండి."

అది వాళ్ళమ్మ మధుపర్కం. పుస్తె కట్టించుకున్నప్పుడు పీటల మీద కట్టుకుని కూర్చున్న చీర. ఆ ఒక్క పూట కట్టి, మడతపెట్టి, బతికినంతకాలం దాచుకునే చీర. మా అత్తగారు నాది ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఈ పిల్ల దాన్ని అంట్ల సబ్బుతో తోమి నా కత్తెర ముందు పెట్టింది.

"ఎందుకు నీకు తెల్ల ఫ్రాకు?" అని అడిగాను.

"ఫ్రెండ్ ఎంగేజ్‌మెంట్."

"అబద్ధం నాకు చెప్పకు. ఎంగేజ్‌మెంట్ కోసం అమ్మ పెట్టెలో దొంగతనం చేస్తారా ఎవరైనా?"

అప్పుడు కూర్చుంది. కుట్టుమిషన్ పక్కన ఉన్న చిన్న స్టూలు మీద, మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని. గురువారం పదకొండు గంటలకి ఫెయిర్‌ఫాక్స్ కోర్టులో పెళ్ళి అంది. లైసెన్స్ తీసుకోవడం, పక్కనే పెళ్ళి చేయించే ఆవిడ దగ్గరికి వెళ్ళడం, అరగంట పని. ఎవరికీ చెప్పలేదట. అబ్బాయి సంగతి నాకు కొంత తెలుసు. వాళ్ళదీ గుంటూరు వైపే, ఆదివారం ఆదివారం తెలుగు చర్చికి వెళ్ళే కుటుంబం. రెండేళ్ళుగా ఈ పిల్ల తండ్రి ఒప్పుకోవడం లేదు. అవతలివాళ్ళు ముందు బాప్తిస్మం తీసుకోవాలి, ఆ తర్వాతే పెళ్ళి అంటున్నారు. వదిన మాత్రం అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఇంట్లో ఆ మాట ఎత్తకు అంది, అంతే. ఎత్తకపోతే అదే సద్దుమణుగుతుందని ఆవిడ నమ్మకం.

"వెయిట్ చేసి చేసి టైర్డ్ అయిపోయాం ఆంటీ. నేను ఫైట్ చేయలేను. నాకు కోపం కూడా రావట్లేదు ఇప్పుడు," అంది.

బట్ట కోసం ఎంత తిరిగిందో చెప్పింది. మాల్‌లో ట్రయల్ రూముల్లో ఏడు తెల్ల గౌన్లు వేసి చూసుకుందట. ఒకటి వేసుకుంటే నర్సులా ఉంది, ఒకటి వేసుకుంటే ఎవరి పెళ్ళికో వచ్చినట్టు ఉంది. ఆన్‌లైన్‌లో ఒకటి ఆర్డర్ చేస్తే, పార్సెల్ ఇంటికొచ్చింది. ఇంటికొచ్చిన ప్రతి పెట్టె వాళ్ళమ్మే తెరుస్తుంది. తెరిచి, పైకెత్తి పట్టుకుని, "ఇదేమిటే, నైటీయా? ఇంత ఖరీదు పెట్టి నైటీ కొన్నావా?" అందట. ఈ పిల్ల నవ్వి, అవునమ్మా, వెనక్కి పంపేస్తా అందట. పెళ్ళి గౌనుని తల్లి నైటీ అంటే నవ్వి ఊరుకోవడం ఎంత కష్టమో ఆ మొహం చూస్తే తెలిసింది.

"అసలు తెలుపే ఎందుకు?"

"వాళ్ళ మామ్ ఒకసారి అన్నారు, కోడలు వైట్ శారీలో వస్తే చూడాలని. నాకు శారీ కట్టుకోవడం రాదు. అట్లీస్ట్ వైట్ డ్రెస్. మనవాళ్ళలో పెళ్ళికి వైట్ ఉండదు కదా, సో అమ్మకి డౌట్ కూడా రాదు."

మనవాళ్ళలో తెలుపు ఉండదట! ఈ దేశంలో హోటల్ హాళ్ళలో జరిగే పెళ్ళిళ్ళు చూసి పెరిగిన పిల్ల. పూటకో పట్టుచీర మార్చే పెళ్ళికూతుళ్ళనే చూసింది. వాళ్ళింటి హాల్లో వాళ్ళమ్మ పెళ్ళి ఫోటో ఉంది, అందులో ఆవిడ ఎర్ర పట్టుచీరలో ఉంటుంది, అది రిసెప్షన్ ఫోటో. ఈ చీరేమిటో ఎవరూ చెప్పలేదు దీనికి. చెప్పాల్సిన మనిషి ఆ పెళ్ళి మాటే ఎత్తవద్దంది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. గోడ గడియారం చూశాను. మూడుకి ఇరవై నిమిషాలు తక్కువ. మూడింటికి వదిన తన రెండు జాకెట్లు తీసుకెళ్ళడానికి వస్తానంది.

"చీర ఇక్కడ వదిలేసి వెళ్ళు. రేపు సాయంత్రం రా. మీ అమ్మ వచ్చే టైమైంది," అన్నాను. ఆ పిల్ల లేచి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మకి చెప్పరు కదా ఆంటీ? ప్రామిస్?"

"ఈ గదిలో మాట ఈ గది దాటదు," అన్నాను. పదకొండేళ్ళుగా అందరికీ చెప్పే మాటే. ఎవరి గురించి ఎవరికి చెబుతున్నానో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది.

కారు వెళ్ళిన చప్పుడు వినబడింది. చీర మడతపెట్టడానికి టైము లేదు. ఆ తడి మూల ఒక్కటీ సింకులో జాడించి వచ్చేసరికి పక్క తలుపు తెరుచుకుంది. వదిన ఎప్పుడూ తలుపు కొట్టదు. పది నిమిషాలు ముందే వచ్చింది. లైనింగ్ గుడ్డ ఒకటి లాగి బల్ల మీద కప్పాను. వదినకి నా బల్ల మీద వస్తువులు కెలకడం అలవాటు. చాక్ ముక్కలు వరసగా పెడుతుంది, సూదులు డబ్బాలో వేస్తుంది. నేను ఆవిడ జాకెట్లు తీసేందుకు బీరువా వైపు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగేసరికి లైనింగ్ కింద నుంచి ఎర్రంచు పట్టుకుని లాగుతోంది.

"మధుపర్కం!" అంది. "ఎవరిది వదినా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "మేరీలాండ్ వాళ్ళెవరో ఇచ్చారు," అన్నాను.

"కోస్తావా దీన్ని?"

"ఏమో. ఇంకా చెప్పలేదు వాళ్ళు."

"కోయకు. పాపం, ఎవరో తెలియక ఇచ్చుంటారు. ఒకసారి ఫోన్ చేసి అడుగు," అంది. అంచు వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడింది. గుర్తుపట్టేస్తుందనుకున్నాను. కానీ మధుపర్కాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. అదే తెలుపు, అదే ఎర్రంచు. "నాదీ ఉండాలి ఎక్కడో," అంది. "అది కట్టుకున్నప్పుడు చలికి వణికిపోయాను. మాఘమాసం, తెల్లవారుజామున ముహూర్తం. మా అమ్మ వెనకనుంచి శాలువా కప్పింది."

చెప్పుకుంటూనే చీర ఒక కొస నాకు అందించింది. రెండో కొస తాను పట్టుకుంది. ఇద్దరం దూరంగా జరిగి, చాచి, దగ్గరికొచ్చి, అలా నాలుగుసార్లు మడతపెట్టాం. మడత చేతిలో పెట్టుకుని తానే అరలో సర్దింది.

"అమ్మాయి ఎలా ఉంది?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"బాగుంది వదినా. ఈ నెలరోజులుగా నవ్వుతోంది. ఆ గొడవ మానేసినట్టే ఉంది," అని గొంతు తగ్గించింది. "నేనేమీ అడగట్లేదు. అడిగితే మళ్ళీ మొదలవుతుందని భయం. దాని పెళ్ళి జాకెట్లన్నీ నువ్వే కుట్టాలి, ఇప్పుడే చెబుతున్నా. చీర మాత్రం నేనే కడతాను. కుచ్చిళ్ళ మీద ఇంకెవరి చెయ్యీ పడనివ్వను."

ఆవిడ వెళ్ళాక మిషన్ ముందు కూర్చుని ఒక్క కుట్టు కూడా వేయలేకపోయాను. నాకు ఆ పిల్ల మీద కోపం, ఆ పిల్ల తండ్రి మీద కోపం, అన్నిటికంటే నా నోటి మీద కోపం. మాట ఇచ్చేముందు అడిగి ఉండొచ్చు కదా, మీ అమ్మకి ఎందుకు చెప్పకూడదని.

మర్నాడు సాయంత్రం ఆ పిల్ల వచ్చినప్పుడు అదే అడిగాను.

"చెప్తే అమ్మ డాడ్‌కి చెప్తుంది. చెప్పకుండా ఉండలేదు. చెప్తే డాడ్ వస్తారు. వచ్చి అరవరు ఆంటీ, అరిస్తే ఓకే. ఏడుస్తారు. నేను వెనక్కి వచ్చేస్తాను. నాకు తెలుసు," అంది.

అరలోంచి చీర తీసి దాని ఒళ్ళో పెట్టాను. ఇదేమిటో చెప్పాను. పీటలు, జీలకర్ర బెల్లం, పుస్తె, ఆ పూట కట్టే తెల్లచీర, అన్నీ చెప్పాను. చెబుతూంటే ఆ పిల్ల వేళ్ళు చీర మీదనుంచి వెనక్కి వెళ్ళిపోయాయి, వేడి గిన్నె ముట్టుకున్నట్టు.

"నేను సోప్ పెట్టాను," అంది చివరికి.

"పోయింది లే. చూడు, పసుపుకే వచ్చింది."

"కట్ చేశారా?"

"నేనేం పిచ్చిదాన్నా?"

ఏడ్చింది. చీర తీసుకెళ్ళి పెట్టెలో పెట్టేస్తా, జీన్స్ వేసుకుని వెళ్తా అంది. ఆఫీసుకి వేసుకునే నల్ల గౌను ఉంది, అదే చాలంది. నేను సరే అనాలి. అక్కడితో నా పని అయిపోయేది, ఎవరి పాపమూ నాకు అంటేది కాదు. కానీ నాకు కుట్టుపని తప్ప ఇంకేమీ కనబడని తెగులు ఒకటుంది. పెళ్ళికి నల్ల గౌనేమిటి! ఛీ, నేను బతికుండగా నల్ల గౌనులో వెళ్తావా అన్నాను. అలా అనేసి మళ్ళీ నాలుక కరుచుకున్నాను.

ఆ పిల్ల చీర మళ్ళీ దగ్గరికి తీసుకుంది. "ఇది కట్టుకోవచ్చా? కట్ చేయకుండా? మీరు కడతారా?"

"మీ అమ్మ కట్టాలి దాన్ని."

"తెలుసు. మీరు కడతారా?"

దీపావళి కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి. అంచుకి సరిపోయే ఎర్ర జాకెట్టు గుడ్డ కూడా ఉంది. బుధవారం ఆ ఏడు జాకెట్లూ పక్కన పడేసి అదొక్కటే కుట్టాను. రెండుసార్లు చంక దగ్గర కుట్టు తప్పింది, విప్పి మళ్ళీ కుట్టాను. నాకు అలా జరిగి ఎన్నేళ్ళో అయింది. మా ఆయన భోజనానికి కూర్చుని ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను. ఆయనకి చెబితే ఆయన వదినవాళ్ళాయనకి చెబుతాడు. ఇద్దరూ శనివారం శనివారం కలిసి క్రికెట్ చూస్తారు.

గురువారం తొమ్మిదింపావుకి వచ్చింది. ఆఫీసుకి వెళ్తున్నానని ఇంట్లో చెప్పిందట. బాత్‌రూమ్‌లో లంగా, జాకెట్టు వేసుకుని వచ్చి అద్దం ముందు నిలబడింది. జాకెట్టు ఒంటికి అతికినట్టుంది. చీర చుట్టి, బొడ్డు దగ్గర మొదటి చుట్టు దోపి, కుచ్చిళ్ళకి మోకాళ్ళ మీద కూర్చున్నాను. నూలు చీర, గంజి లేదు, ముప్ఫై ఏళ్ళు మడతలో ఉన్న గుడ్డ. కుచ్చిళ్ళు నిలవడం లేదు. పెడుతున్నాను, జారిపోతున్నాయి. ఇంకెవరి చెయ్యీ పడనివ్వనన్న మాట చెవిలో పడుతూనే ఉంది. మూడోసారికి ఇస్త్రీపెట్టె తెచ్చి, చీర విప్పి, కుచ్చిళ్ళ వరకూ ఇస్త్రీ చేసి మళ్ళీ కట్టాను. పది దాటింది.

పమిట భుజం మీద పిన్ను పెడుతున్నాను, నా ఫోన్ మోగింది. బల్ల మీద వదిన పేరు వెలుగుతోంది. ఆ పిల్ల కూడా చూసింది.

తీయకపోతే నేరుగా వచ్చేస్తుంది. తీశాను.

"వదినా, స్టోర్‌లో ఉన్నా. లేత కాకరకాయలు వచ్చాయి, నీకూ తీసుకుంటున్నా. అటే వస్తున్నా, ఫాల్ వేయడానికి చీర ఒకటి ఇచ్చి పోతా. పది నిమిషాలు," అంది.

వద్దనడానికి ఏ కారణమూ తోచలేదు. సరే అన్నాను. ఫోన్ పెట్టేసి చూస్తే ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది. దాని కారు మా ఇంటి ముందే ఉంది, వెనక అద్దం మీద కాలేజీ స్టిక్కర్‌తో సహా.

"కదులు, కదులు," అన్నాను. దాని జీన్స్, చొక్కా సంచిలో కుక్కాను. చెప్పులు ఇంట్లోనే మర్చిపోయిందట, వచ్చిన బూట్లే వేసుకుంది. పక్క తలుపు నుంచి వెళ్తే ఇటు వచ్చే వదినకి ఎదురు పడుతుంది, అందుకని మెట్లెక్కించి పైకి తీసుకెళ్ళాను. వంటింట్లోంచి ముందు తలుపు దాకా చీర కుచ్చిళ్ళు పట్టుకుని నడిపించాను. తలుపు దగ్గర ఆగి ఆ పిల్ల నా కాళ్ళ మీదికి వంగబోయింది. కుచ్చిళ్ళు కూలిపోతాయని భుజం పట్టి లేపేశాను. "ఇప్పుడు అవన్నీ వద్దు, వెళ్ళు!" అని అరిచాను. కారు మలుపు తిరిగిన మూడు నాలుగు నిమిషాలకి వదిన కారు వచ్చి అక్కడే ఆగింది.

వదిన కాకరకాయల సంచీతో వచ్చి ఆ పిల్ల కూర్చున్న స్టూలు మీదే కూర్చుంది. ఇస్త్రీపెట్టె ఇంకా వేడిగా ఉంది. "పొద్దున్నే పని పెట్టుకున్నావా?" అంది. అవునన్నాను. చీర రంగు గురించి చెప్పింది, ఫాల్ గుడ్డ ముదురు రంగు వేయమంది. నాకేమీ ఎక్కడం లేదు. గడియారం పది ఇరవై ఐదు.

"ఈ పిల్ల పొద్దున ఇడ్లీ కూడా తినలేదు వదినా," అంది. "వెళ్తూ వెళ్తూ వెనక్కొచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. ఏమిటే అంటే ఊరికే అంది. చిన్నప్పుడు స్కూల్ బస్సు ఎక్కే ముందు అలా చేసేది."

మా ఇంటి నుంచి కోర్టు ఇరవై నిమిషాలు. ఇప్పుడు చెబితే అందుకుంటుంది. ఆపడానికి వెళ్తుందో, పక్కన నిలబడ్డానికి వెళ్తుందో నాకు తెలియదు. అక్కడే నా ఆలోచన తెగడం లేదు. చెప్పి ఆవిడ ఆపితే ఆ పిల్ల జన్మలో నన్ను క్షమించదు. చెప్పకపోతే, ఒకవేళ ఈవిడ పక్కన నిలబడే మనిషైతే? పదిహేనేళ్ళు ఎరిగిన మనిషి. ఏం చేస్తుందో నాకే తెలియదు. టేపు చుట్టి విప్పి, చుట్టి విప్పి చేస్తున్నాను.

పది నలభై అయింది. "వదినా," అన్నాను.

"ఏంటి?"

"కాకరకాయలు పులుసు పెట్టనా, వేపుడు చేయనా?"

"వేపుడే చెయ్యి, లేతవి," అంది. ఇంకో పది నిమిషాలు కూర్చుని వెళ్ళిపోయింది. పదకొండు గంటలప్పుడు నేను కాకరకాయలు తరగలేదు, కుట్టలేదు, గడియారం చూస్తూ కూర్చున్నాను. పావు తక్కువ పన్నెండుకి ఫోన్‌కి ఫోటో వచ్చింది. కోర్టు ముందు గడ్డిలో ఇద్దరూ నిలబడి ఉన్నారు. అబ్బాయి నీలం సూటులో బిగుసుకుపోయి ఉన్నాడు. పిల్ల నవ్వుతోంది. కుచ్చిళ్ళు నిలిచాయి. నాకు ముందు సంతోషమే వేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

ఆ సాయంత్రమే ఆ పిల్ల వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్పింది. చీర సంగతి, నా సంగతి కూడా చెప్పేసింది. దాచడం ఇంక వద్దనుకుందట. శుక్రవారమంతా నేను ఫోన్ దగ్గరే ఉన్నాను. వదిన చేయలేదు, నేను చేయలేకపోయాను.

శనివారం మధ్యాహ్నం పక్క తలుపు ఎవరో కొట్టారు. తీస్తే వదిన. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. జుట్టు దువ్వుకుంది, కానీ చేతి సంచీ లేదు, ఫోన్ లేదు. లోపలికి రాలేదు.

"ఫాల్ వేయమని ఇచ్చిన చీర ఇచ్చెయ్," అంది.

తెచ్చి ఇచ్చాను. దాన్ని చంకలో పెట్టుకుంది.

"సోమవారం నేను మడతపెట్టింది నాదే, కదా?"

"అవును వదినా."

"గురువారం నేను వచ్చేసరికి అది వెళ్ళి ఎంతసేపైంది?"

"ఐదు నిమిషాలు కూడా కాలేదు."

తల ఊపింది. నేను మొదలుపెట్టాను. మాట ఇచ్చాను వదినా, ఇచ్చాక తప్పలేకపోయాను, నువ్వు అన్నయ్యగారికి చెప్తావని అది భయపడింది, చీర మాత్రం కోయలేదు, అది నల్ల గౌనులో వెళ్తానంటే నాకు మనసొప్పలేదు, ఇంకా ఏమేమో అన్నాను. చెయ్యెత్తి ఆపింది.

"చెప్పుంటే నేను ఆపేదాన్నో, వెళ్ళేదాన్నో, నాకే తెలియదు. రెండు రాత్రులు అదే ఆలోచించాను. తెలియలేదు. దానికి నిన్నేమీ అనను." చంకలో చీర సర్దుకుంది. "ఒక్కటి చెప్పు. అక్షింతలు వేశావా?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"కోర్టులో ఎవరూ వేయరు, నాకు తెలుసు. అవతలివాళ్ళూ రాలేదట. ఇక్కణ్ణించి వెళ్ళేటప్పుడు నువ్వు వేశావా?"

వంగబోతుంటే భుజం పట్టి లేపేశానని నోటితో చెప్పలేకపోయాను. లేదన్నాను.

వదిన అరుస్తుందేమో అనుకున్నాను, అరిస్తే బాగుండేది. చాలా మెల్లగా అడిగింది. "పీటల మీది చీర కట్టి పంపావు. మేనత్త వరసదానివి. దాని నెత్తిన వేయడానికి నాలుగు బియ్యపు గింజలు దొరకలేదా వదినా నీకు?"

పైన వంటింట్లో ఇరవై పౌండ్ల బియ్యం బస్తా ఉంది. ఆ పిల్లని దాని పక్కనుంచే బయటికి నడిపించాను.